అమ్మకు చెప్పని రెండో మార్గం

మధ్యాహ్నం మూడూ నలభైకి అమ్మ రెండో పూట పాలు పిండడానికి కూర్చుంది. వేళ ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం యాకుత్‌పురా స్టేషన్లో అప్పుడు ఆగే పాసింజరు బండి. దాని కూత వినిపించగానే మా బర్రెలు మేత వదిలి తలలు తిప్పేవి. అది 1979. వానలు ఇంకా మొదలు కాలేదు. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే కొట్టం గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ పాల సర్వను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నుదురు బర్రె డొక్కకు ఆనించి పిండుతోంది. కళ్లు తెరవకుండానే చెప్పింది.

"మళ్ల అచ్చింది బిడ్డా."

"ఏందమ్మా?"

"గడ్డ. గీ పక్కన." గడ్డంతో ఎడమవైపు చూపించింది. పాలధార ఆగలేదు.

"ఎన్ని దినాలాయె?"

"ఉగాది కాన్నుంచి."

"గిప్పుడా చెప్పేది?"

"గిప్పుడన్న చెప్తున్న గదా. పోయినసారి గది గూడ చెప్పలే."

పోయినసారి అంటే ఐదేళ్ల ముందు. అప్పుడు గడ్డ కుడి రొమ్ములో వచ్చింది. అమ్మ ఏడు నెలలు ఎవరికీ చెప్పలేదు. సిగ్గుతో దాచిందని చుట్టాలు అనుకున్నారు. సిగ్గు కొంత ఉండే ఉంటుంది, కానీ అసలు కారణం అది కాదు. పొదుగులో గడ్డ కడితే మా గల్లీలో వైద్యం చేసేది అమ్మే. వేడినీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టేది, పసుపూ నూనే కలిపి రుద్దేది, చెడిన పాలు పిండి పారబోసేది. మూడు నాలుగు రోజుల్లో పొదుగు మెత్తబడేది. తన గడ్డకూ అదే చేసింది. రోజూ స్నానానికి ముందు తలుపు వేసుకుని, కాపడం పెట్టుకుని, గట్టిగా రుద్దుకుంది. పొదుగులో వేడీ నొప్పీ ఉన్న గడ్డను చూసి ఆమె భయపడేది. చల్లగా ఉండి నొప్పి లేని గడ్డను పట్టించుకునేది కాదు. ఆమె గడ్డకు నొప్పి లేదు. పశువుల మధ్య ముప్పై ఏళ్లు గడిపిన మనిషి నమ్మిన పద్ధతి అది. దవాఖానలో ఎవరో కోప్పడితే ఆమెకు అర్థం కాలేదు. "పొదుగుల గడ్డ నేనే తీస్త గదా, గిది పెద్ద పనా అనుకున్న" అంది నాతో.

ఆ ఆపరేషన్‌లో రొమ్మునూ, దాని కింది కండనూ, చంకలోని గ్రంథులనూ తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు. కిరణాల వైద్యాన్ని అందరూ అలాగే అనేవారు. ప్రాణం దక్కింది. కానీ కుడి చెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా ఉబ్బి, అలాగే ఉండిపోయింది. గాజులు ఆ చేతికి ఎక్కక, ఎడమ చేతికే రెట్టింపు వేసుకునేది. నాలుగు నెలలు పాలు పిండలేకపోయింది. ఆ నాలుగు నెలలూ బాపు పిండాడు. ఆయన బొటనవేలు లోపలికి మడిచి, ఆ కణుపుతో చన్నును నొక్కేవాడు. అట్లా నొక్కితే చన్ను కమిలిపోతుంది. బర్రె తన్నేది, లేదా పాలు చేపేది కాదు, పొదుగులోనే బిగబట్టేది. నులకమంచం మీద పడుకున్న అమ్మ అక్కడి నుంచే అరిచేది.

"నీ చేత్ల ఏముంది, పట్కారా? పిడికిట్ల పట్టు. పైనుంచి కిందికి."

"వచ్చి నువ్వే పట్టు."

"వస్త, వస్త. బర్రె నిన్ను తన్ని సంపకముందే వస్త."

ఎడమ చేత్తో పిండడం నేర్చుకోవడానికి ఆమెకు ఏడాది పైనే పట్టింది. కుడి చెయ్యి ఊతానికి మాత్రమే. మొత్తం బలం ఎడమ చేతిలోకి వచ్చింది. ఇప్పుడు గడ్డ వచ్చింది ఆ వైపే.

మరుసటి రోజు ముగ్గురం నది దాటి పెద్ద దవాఖానకు వెళ్లాం. మునుపు కోసిన సర్జనే చూశాడు. పెద్ద వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. పాత గాటు మీద మిరియపు గింజలంత బొడిపెలు రెండు ఉన్నాయన్నాడు, అవి అప్పటిదాకా మా కంట పడలేదు. పరీక్షలన్నీ అయ్యాక అమ్మను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి బాపునూ నన్నూ లోపలికి పిలిచాడు. అప్పటి పద్ధతి అది. రోగి బయట ఉంటుంది, ఇంటివాళ్లు లోపల మాట్లాడతారు. అందులో తప్పుందని మాకు తోచలేదు.

ఆయన ఇంగ్లీషులో చెప్తుంటే నేను బాపుకు తెలుగులో చెప్పాను. మార్గాలు రెండు. ఒకటి, కుడివైపు చేసినట్టే ఎడమవైపూ కండతో సహా మొత్తం తీసేయడం. రెండోది, గడ్డనూ దాని చుట్టూ కొంచెం భాగాన్నీ మాత్రమే తీసి కరెంటు పెట్టడం. బొడిపెలను బట్టి జబ్బు అప్పటికే ఒంట్లో తిరుగుతోందని, అందుకని ఏది చేసినా కడుపు కొద్దిగా కోసి, జబ్బుకు బలమిచ్చే స్రావాలు ఆగడానికి అండాశయాలు తీయాలని అన్నాడు. తన మొగ్గు మొదటి దానికేనని దాచకుండా చెప్పాడు. కరెంటు విభాగంలోని డాక్టరమ్మ రెండోదే చాలంటోందని కూడా చెప్పాడు.

"ఏది మంచిదో ఖాయంగా చెప్పగలిగే స్థితి ఇంకా రాలేదు. ఇంటికెళ్లి ఆలోచించుకోండి" అన్నాడు.

గది బయటికి రాకముందే బాపు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"రెండోదాని ముచ్చట మీ అమ్మకు చెప్పకు."

"ఎందుకు బాపు?"

"చెప్తే గదే అంటది. బర్రెల కోసం అంటది. నువ్వు ఎరుగవా మీ అమ్మను?"

నాకూ అదే భయం. పైగా నేను ఒక పుస్తకం చదివాను. పెద్ద గ్రంథాలయంలో శస్త్రవైద్యం మీద ఉన్న లావుపాటి పుస్తకం. ఎంత వెడల్పుగా కోస్తే అంత క్షేమమని అందులో ఉంది. అది నేను పుట్టకముందు అచ్చయిన పుస్తకమని మొదటి పేజీలోనే ఉంది. చూశాను కూడా. అంత లావు పుస్తకం తప్పు చెప్పదనుకున్నాను.

అమ్మ బల్ల మీద నుంచి లేచింది. "ఏమన్నడు?"

"పోయినసారి లెక్కనే ఆపరేషన్ చెయ్యాలంటమ్మా."

"గట్లనే, మొత్తమా?"

"ఆ."

"ఇంకోటి ఏం లేదా?"

"లేదు" అన్నాను.

ఆ రోజు నుంచి అమ్మ పాలు పిండుతూ కుడి చేతిని బలవంతంగా వాడటం మొదలుపెట్టింది. వాపు ఎక్కువైంది. ఎదురింటి ముసలామె పొద్దున్నే గిన్నెతో పాలకు వచ్చేది. మేమంతా ఆమెను పిన్ని వరసతో ఖాలా అని పిలిచేవాళ్లం. ఒక పొద్దున గుమ్మంలో నిలబడి అమ్మ అవస్థ చూసింది.

"క్యా కర్రీ తూ? హాథ్ దేఖ్ తేరా! ఎందుకమ్మా గంత జోర్?"

"ఎడమది పోతది ఖాలా. కుడిదాన్ని మళ్ల పన్లకు పెట్టాలె గదా."

"తేరీ భైంస్ తుజ్‌సే జ్యాదా నఖ్రేవాలీ. నీకన్న నీ బర్రెకే నఖ్రాలెక్కువ. దానికి నీ చెయ్యే కావాలె, నవాబు బీబీకి!"

అమ్మ నవ్వింది. నేను గదిలో పిల్లల కాపీలు దిద్దుతూ విన్నాను. ఎడమది పోతుందని ఆమె ఒప్పేసుకుంది. నేను చెప్పిన మాటను నమ్మి ఒప్పుకుంది.

ఆపరేషన్‌కు ముందు పాత గాటును కరెంటు విభాగంలో చూపించమన్నారు. అక్కడి డాక్టరమ్మ మా వైపు మనిషే, మా మాటే మాట్లాడేది. నేను అమ్మ వెంట లోపలికి పోబోతే ఆపింది. "నువ్వెందుకు? అక్కకు నోరుంది గదా. బయట కూసో." మొదటిసారి నేను బల్ల మీద కూర్చున్నాను. పావుగంటకు అమ్మ బయటికి వచ్చింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పత్తర్‌గట్టిలో దిగి, బాపు పాలుపోసే హోటళ్ల ముందు నుంచి నన్ను దాటి నడిచింది. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, సర్వ తీసుకుని బర్రె పక్కన కూర్చుంది.

"రెండున్నయంట గదా" అంది.

నేను కొట్టం గుమ్మం దాకా వచ్చి ఆగాను.

"'అక్కా, దేనికి ఒప్పుకున్నవ్' అని అడిగింది గా డాక్టరమ్మ. దేనికేంది, ఒక్కటే గదా అన్న. ఆమె నా మొకం సూసింది. నేను ఆమె మొకం సూసిన." సర్వను దగ్గరికి జరుపుకుంది. "గింత సదివినవ్. సదివినదాంట్ల నాకు సగమే చెప్తవా?"

"బాపు వద్దన్నడు."

"గీ పెయ్యి మీ బాపుదా?" తన ఒంటి మీద చెయ్యి వేసుకుని అడిగింది.

"నీ పాణం కోసమే అమ్మా."

"నా పాణం కోసమైతే నాకు చెప్పాలె."

గొంతు పెంచలేదు. పెంచితే బర్రె బెదురుతుంది. "ఇప్పుడు చెప్పు. ఒక్కటి ఇడువకుండ చెప్పు" అంది. నేను గుమ్మంలో కూర్చుని అంతా చెప్పాను. సర్జన్ మొగ్గు ఎటో చెప్పాను. చిన్న ఆపరేషన్ చేస్తే అదే చోట జబ్బు తిరిగి రావచ్చని, అప్పుడు మళ్లీ కోయాల్సి రావచ్చని చెప్పాను. నా పుస్తకం సంగతీ చెప్పాను.

"పెద్దది చేస్తే పాణానికి ఖాయమా?"

"ఖాయమని ఎవ్వరు అనలే."

"చిన్నది చేస్తే?"

"గదీ ఖాయం గాదు."

"రెండు ఖాయం గాకుంటే, చెయ్యన్న ఖాయం ఉండని" అంది.

బాపు సైకిల్ దిగి క్యాన్లు దించుతున్నప్పుడు చిన్నదే చేయించుకుంటానని ఆమే ఆయనకు చెప్పింది. ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్ద లొల్లి అయింది. బాపు నన్ను తిట్టాడు, డాక్టరమ్మను తిట్టాడు, చివరికి బర్రెలను తిట్టాడు.

"రేపే అమ్మేస్త. రెండు నోర్లేని పశువుల కోసం పాణమిడుస్తవా?"

"అమ్ము. అమ్మినంక నేనేం జెయ్యాలె?"

"కూసో. తిను. పండు."

"గది పాణమా?"

అమ్మ కొంచెం తగ్గి మాట్లాడింది. "చూడు. పొద్దుగాల్నుంచి అందరు నన్ను పిలుస్తనే ఉంటరు. గా బర్రె కింద కూసున్నప్పుడు ఒక్కరు పిలువరు. పిలిస్తే పాలు పోతయని నువ్వు గూడ పిలువవు. దినానికి రెండుసార్లు నాకు నేను ఉంట. గది ఇడిచిపెట్టి బతుకుమంటే ఎట్ల?"

ఇరవై ఐదేళ్లు ఆమెతో కాపురం చేసిన మనిషి, ఇరవై రెండేళ్లు ఆమె బిడ్డగా ఉన్న నేను, ఆ మాట ఆ రోజే విన్నాం. మేమిద్దరం పాల గురించి ఆలోచించాం. ఆమె ఆలోచించింది పాల గురించి కాదు.

తర్వాతి మంగళవారం ముగ్గురం సర్జన్ గదిలోకి వెళ్లాం. అమ్మ బల్ల మీద కూర్చోలేదు. ఆయన కొంచెం తికమకపడి ఇంకో స్టూలు తెప్పించి, డాక్టరమ్మను కూడా పిలిపించాడు. అమ్మ అడిగిన ప్రశ్నల్లో ఒక్కటి కూడా మునుపు నేను అడగలేదు, బాపు అడగలేదు. ఎడమ చెయ్యి వాస్తుందా? ఎన్ని దినాలు ఎత్తకూడదు? కరెంటు పెట్టినప్పుడు వేళ్లు మొద్దుబారుతాయా?

"గడ్డ వరకే తీసి చంకను తక్కువ ముట్టుకుంటే వాపు తక్కువ ఉంటది అక్కా. అసలు రాదని మాటియ్యను" అంది డాక్టరమ్మ.

"బలం ఎంత ఉంటది?"

"ఎంత అంటే?"

అమ్మ లేచి డాక్టరమ్మ చెయ్యి అందుకుంది. ఆమె రెండు వేళ్లను తన ఎడమ పిడికిట్లోకి తీసుకుని, చూపుడువేలు నుంచి చిటికెనవేలు దాకా వరసగా బిగించి కిందికి పిండింది. "గింత ఉండాలె. ఉంటదా?"

"అమ్మో! ఇడువు అక్కా, ఏళ్లు ఇరుగుతయ్!"

సర్జన్ నవ్వాడు. ఆయన నవ్వడం మేం చూడటం అదే మొదలు. బాపు తల వంచుకున్నాడు. తర్వాత సర్జన్ అమ్మతోనే, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో చెప్పాడు. "నాకు అయితే పెద్దదే చెయ్యాలని ఉంది అమ్మా. కానీ నువ్వు అడిగింది తప్పు కాదు. చిన్నది చేస్తాను. జాగ్రత్తగా చేస్తాను."

అలాగే చేశాడు. గడ్డ తీశారు, కొన్ని వారాల తర్వాత అండాశయాలు తీశారు. ఆ తర్వాత పాత గాటుకూ కొత్తదానికీ ఐదు వారాలు కరెంటు. ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఒంటి మీద ఊదారంగు సిరాతో గీతలు గీసి, వాటిని తడపొద్దన్నారు. స్నానం చేయకుండా అమ్మ ఎన్నడూ పొదుగు ముట్టలేదు. ఆ ఐదు వారాలు గీతలున్న చోటు వదిలి మిగిలిన ఒళ్లు తడిగుడ్డతో తుడుచుకునేది. బర్రెకు వినపడేలా "గిట్లనే సర్దుకో తల్లీ" అనేది. ఒకసారి చెమటకు గీత సగం చెరిగిపోయింది. డాక్టరమ్మ మళ్లీ గీస్తూ కోప్పడింది. "ఇంకోసారి చెరిపితే కరెంటు నీకు గాదక్కా, నీ బర్రెకు పెడత." చర్మం కాలినట్టు నల్లబడి, ఊడి, మళ్లీ వచ్చింది. ఎడమ చెయ్యి కొంచెం ఉబ్బింది. కుడి చేతి అంత కాదు. శ్రావణమాసం ముగిసేసరికి ఆమె రెండు పూటలా కొట్టంలో కూర్చుంటోంది.

ఒకరోజు నేను ఆమె పక్కన చతికిలబడి, ఆ "లేదు" అన్న మాట గురించి ఎత్తబోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడబడ్డాను.

"ఏందో చెప్పనీకె అచ్చి ఏం చెప్తలేవు" అంది.

"గా దినం దవాఖానల..."

"బర్రె చేపింది. జర సప్పుడు చెయ్యకు."

అంతే. ఆ విషయం ఆమె మళ్లీ ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. క్షమించిందనుకోవాలో, పక్కన పెట్టిందనుకోవాలో నాకు తెలియదు. ఆపరేషన్‌లో ఏది ఎంచుకున్నామన్న దానికన్నా, నేనన్న ఆ ఒక్క మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ మాటను నమ్మి ఆమె తొమ్మిది రోజులు ఉబ్బిన చేతిని నొప్పించుకుంది. ఆ తొమ్మిది రోజులూ నేను అదే ఇంట్లో ఉన్నాను.

మూడేళ్లు బాగానే గడిచాయి. 1982 చివర్లో నడుము నొప్పి మొదలైంది. ఎముకలోకి వచ్చిందన్నారు. కొత్తగా వచ్చిన మాత్రలు ఇచ్చారు, అవి ఏడాదికి పైగా పనిచేశాయి. తర్వాత పనిచేయలేదు. అప్పుడు ఇంజెక్షన్ల మాట వచ్చింది. ఈసారి నేను సర్జన్ ముందే, అమ్మ పక్కనే నిలబడి, ఆయన ఒక్కో వాక్యం చెప్పగానే ఆమెకు తెలుగులో చెప్పాను. జుట్టు ఊడుతుందని, వాంతులవుతాయని, కొన్ని నెలలు కలిసిరావచ్చని, రాకపోవచ్చని. ఒకచోట ఆగిపోయాను. అమ్మ నా మోకాలు తట్టింది.

"చెప్పు. మొత్తం చెప్పు."

చెప్పాను. రెండు ఇంజెక్షన్లు తీసుకుంది. మూడోదానికి వెళ్లాల్సిన రోజు "సాలు బిడ్డా" అంది. బాపు దవాఖాన సంచీని తిరిగి గూట్లో పెట్టాడు. అప్పటికి ఆయన పిడికిలితో పిండడం నేర్చుకున్నాడు. కూర్చోలేని రోజుల్లో అమ్మ మంచాన్ని కొట్టం గుమ్మం దగ్గర వేయించుకునేది. ఆయన పిండుతుంటే పాలు సర్వలో పడే చప్పుడు విని ఎన్ని ధారలు సరిగ్గా పడ్డాయో చెప్పేది. మొదట్లో ఆ మాటలకు ఆయనకు కోపం వచ్చేది. తర్వాత, అమ్మ నిద్రపోతే, లేచేదాకా ఆగి పిండేవాడు.

1984 ఆశ్వయుజంలో, ఒక మధ్యాహ్నం, మా ఇద్దరి ముందు పోయింది. చిన్న ఆపరేషన్ నుంచి కోలుకున్నాక, ఆఖరి ఐదు నెలలు తప్ప మిగిలిన కాలమంతా తనే పిండింది.

పెద్ద ఆపరేషన్ చేయించి ఉంటే ఇంకా బతికేదా అని బాపు చాలా ఏళ్లు అడిగాడు. నన్నే అడిగేవాడు, పుస్తకాలు చదివేది నేనని. మిగిలిన మాత్రలు ఎవరికైనా పనికొస్తాయని దవాఖానలో ఇవ్వడానికి వెళ్లినప్పుడు నేను సర్జన్‌ను అదే అడిగాను. "నాకు తెలియదమ్మా" అన్నాడు. తర్వాతి కాలంలో చిన్న ఆపరేషనే ఎక్కువగా చేస్తున్నారని చదివాను. అమ్మ విషయానికి అది జవాబు కాదు. బాపుకు నేను చెప్పగలిగింది ఒక్కటే, అమ్మ అడిగిన చెయ్యి అమ్మకు ఉన్నదని. ఆయన అది విని తల ఊపేవాడు. కొన్నాళ్లకు మళ్లీ అడిగేవాడు.

అమ్మ పోయిన ఏడాదికి ఖాలా ఒక పొద్దున దవాఖాన చీటీల కట్ట పట్టుకుని వచ్చింది. కొడుకులు తనకేమీ చెప్పడం లేదంది. "తూ పఢ్ బేటీ. నాకే చెప్పు, వాళ్లకు గాదు." ఆమె మూత్రపిండాల గురించి ఆ కాగితాల్లో ఉన్నదంతా చదివి, మంచిదీ చెడ్డదీ ఆమెకే చెప్పాను. ఆమె విని, నీళ్లు తాగి, ఇంకోసారి చెప్పమంది. తర్వాత గల్లీలోని వేరే ఆడవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. సాయంత్రం బడి నుంచి వచ్చాక అరుగు మీద కూర్చుని చదివేదాన్ని. చీటీ ఎవరిదో వాళ్లు వస్తేనే చదివాను. భర్తలు, కొడుకులు ఒక్కరే తెస్తే తిప్పి పంపాను, కొందరితో మాటలు పోయాయి. ఏడెనిమిదేళ్లు అలా చేశాను. వాళ్ల ఆడపిల్లలు ఒక్కొక్కరే పెద్ద చదువుల్లోకి వచ్చారు, తల్లుల చీటీలు వాళ్లే చదువుతున్నారు. మొత్తం చదువుతున్నారో లేదో నాకు తెలియదు. నేనిప్పుడు ఎవరికీ చీటీలు చదివి చెప్పడం లేదు.